చుట్ట మనదే, పొగ అందరిదీ: ఫైన్, పన్ను, సిగార్ గురించి అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వడిగిన దాంట్లో మూడు నాలుగు సంగతులు కలిసిపోయాయి. హనుమకొండలో ఉంటావు, దోస్తులు కలిసినప్పుడు ఒక సిగార్ తాగుతావు. 2026 ఫిబ్రవరి నుంచి దాని రేటు పెరిగింది. మొన్న బస్టాండ్ ఆవరణలో వెలిగిస్తే 200 రూపాయల ఫైన్ పడింది. ఊర్లో మీ మామ మాత్రం రోజూ చుట్ట తాగుతాడు, ఆయన్ని అడిగేవాడు లేడు, పన్నూ లేదు. నా డబ్బుతో నేను తాగేదానికి సర్కారుకు ఇంత పట్టింపు ఏంటి, అయినా సిగార్ సిగరెట్ కన్నా నయమే కదా అన్నావు.

నేను వరంగల్‌లో పొగాకు, బీడీల హోల్‌సేల్ దుకాణం నడిపిన మనిషిని. అది మా బాపు పెట్టిన దుకాణం, ఇప్పుడు మా పెద్దోడు చూసుకుంటున్నాడు. చుట్ట అంటే నాకు ఇష్టం. రాత్రి అన్నం తిన్నాక డాబా మీద కూర్చొని ఒక్కటి తాగుతాను. అమ్మినవాడిగా, తాగేవాడిగా రెండు వైపుల నుంచీ నాకు తెలిసింది చెప్తాను. నేను కొన్న చుట్ట నాది, కాని దాని పొగ నా దగ్గర ఆగదు. అందుకని పొగ ఎక్కడ వదలాలో చెప్పే చట్టంతో నాకు ఏ పేచీ లేదు. పన్ను కూడా వద్దనను. అది ఎవరి మీద ఎంత పడుతోంది, వసూలైంది ఎవరికి చేరుతోంది అని మాత్రం గట్టిగా అడుగుతాను.

ముందు ఫైన్ సంగతి. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని అందరూ కోట్పా అంటారు. దాని నాలుగో సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ దాన్ని ఇంకా బిగించాయి. ఆఫీసులు, షాపింగ్ మాల్స్, సినిమా హాళ్లు అన్నీ అందులోకి వచ్చాయి. "నేను నాలుగు గోడల మధ్య లేను కదా, ఆరుబయటే ఉన్నాను కదా" అని నువ్వు అనుకుని ఉంటావు. అక్కడే చాలామంది దొరికిపోతారు. ఆరుబయట అయినా సరే బస్టాండ్, రైల్వే స్టేషన్, స్టేడియం, జనం వచ్చిపోయే అలాంటి చోట్లు ఖాళీ స్థలం కిందికి రావని రూల్స్‌లోనే రాసి ఉంది. కాబట్టి హనుమకొండ బస్టాండ్ అయినా, కాజీపేట జంక్షన్ ప్లాట్‌ఫాం చివర అయినా కుదరదు. కదిలే రైల్లో తాగితే రైల్వే చట్టం వేరే ఉంది. ఫైన్ వేసేది పోలీసులే అనుకోకు. స్టేషన్‌లో స్టేషన్ మాస్టర్‌కు, బడిలో హెడ్మాస్టర్‌కు, దవాఖానలో సూపరింటెండెంట్‌కు కూడా ఆ అధికారం ఉంది. చట్టంలో ఉన్నది "200 రూపాయల వరకు" మాత్రమే. ఎవరు వసూలు చేసినా రసీదు అడిగి తీసుకో. రసీదు ఇవ్వని డబ్బు ఖజానాకు చేరదు.

మరి ఎక్కడ తాగాలి? నీ ఇంట్లో, నీ పొలం కాడ, నీ డాబా మీద. 30 గదులున్న హోటళ్లు, 30 లేదా అంతకన్నా ఎక్కువ సీట్లున్న రెస్టారెంట్లు కావాలంటే విడిగా గోడలు కట్టి, గాలి బయటికి పోయే ఏర్పాటుతో ఒక స్మోకింగ్ గది పెట్టుకోవచ్చు. అందులో తిండి, చాయ్ సర్వ్ చేయకూడదు. భద్రకాళి చెరువు బండ్ మీద చల్లగాలికి నడుస్తూ తాగుదామని అనిపిస్తుంది, నాకు తెలుసు. పొద్దున అక్కడ నడిచేవాళ్లలో గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఉంటారు, పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు ఉంటారు. ఫైన్ పడకపోయినా నేను అక్కడ వెలిగించను. ఎనుమాముల మార్కెట్ యార్డు అయితే ఇంకో లెక్క. పత్తి బస్తాల మధ్య ఒక బీడీ ముక్క పడితే ఎట్లుంటుందో నీకు చెప్పాలా? సీజన్‌లో పత్తి లారీ దగ్గర బీడీ వెలిగించిన మనిషిని తోటి రైతులే బయటికి నెట్టడం చూశాను, మంచి పని చేశారు. హుక్కా అయితే 2024 ఫిబ్రవరిలో మన అసెంబ్లీ ఈ చట్టానికే సవరణ చేసి పార్లర్లను మూసేసింది. ఈ-సిగరెట్లు 2019 నుంచి దేశమంతా నిషేధం. దొంగచాటుగా అమ్మేవాళ్ల దగ్గరికి పోకు.

ఇంకొకటి, మన ఊర్లలో దీన్ని తప్పని కూడా ఎవరూ అనుకోరు. తాత గడప మీద కూర్చొని "బిడ్డా, దుకాణంకు పోయి చుట్టలు పట్రా" అని మనవణ్ణి పంపుతాడు. 18 ఏళ్లు నిండని పిల్లలకు అమ్మకూడదు, బడికి వంద గజాల లోపల అమ్మకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. మా దుకాణంలో పిల్లలు ఎవరి పేరు చెప్పినా, మాకు తెలిసిన ఇంటి పిల్లలైనా, సరుకు చేతిలో పెట్టలేదు. పెద్దమనుషులకు కోపం వచ్చింది, రెండు మూడు ఖాతాలు పోయాయి. పోనీ. మీ మామకు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పు. చుట్టలు తెచ్చే పిల్లవాడు ఒకరోజు అందులో ఒకటి వెలిగిస్తాడు. నా కళ్ల ముందే ఎంతోమంది అట్లనే మొదలుపెట్టారు.

ఇక పన్ను. దీని మీద కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే జనం దీన్ని సగం సగమే పట్టుకుంటారు.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పొగాకు సరుకులను 28 శాతంలో పెట్టారు. సిగరెట్, సిగార్, నమిలే పొగాకు మీద దాని పైన నష్టపరిహార సెస్ అని ఇంకో అదనపు పన్ను వేశారు. బీడీకి 28 శాతమే, సెస్ లేదు. ఆ సెస్ రాష్ట్రాలకు జీఎస్టీ వల్ల తగ్గిన ఆదాయం పూడ్చడానికి అన్నారు. తర్వాత కరోనా కాలంలో ఆ పేరుతో తెచ్చిన అప్పు తీర్చడానికి పొడిగించారు. 2026 ఫిబ్రవరి 1 నుంచి ఆ సెస్ పోయింది. దాని బదులు జీఎస్టీ 40 శాతమైంది, దాని మీద కేంద్ర ఎక్సైజ్ సుంకం మళ్లీ పెరిగింది. సిగరెట్ల మీద పొడవును బట్టి వెయ్యికి 2,050 నుంచి 8,500 రూపాయల వరకు. అంటే ఒక్క సిగరెట్ మీద రెండు రూపాయల నుంచి ఎనిమిదిన్నర దాకా ఎక్సైజే. బయటి దేశం సిగార్ అయితే వీటికి తోడు కస్టమ్స్ సుంకం కూడా మోస్తుంది. నీ రేటు ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసింది కదా. దుకాణదారు దోచుకున్నాడని అతని మీద అరవకు, ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ చూసి ఇవ్వు.

నాకు కష్టం అనిపించేది పెరగడం కాదు, పడే తీరు. 2017లో సిగార్, చుట్టల మీద వేసిన సెస్సే చూడు: ధరలో 21 శాతం, లేదంటే వెయ్యికి 4,170 రూపాయలు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. లెక్క వేద్దాం. 1,500 రూపాయల విదేశీ సిగార్ మీద 21 శాతం అంటే 315 రూపాయలు. కొనేవాడికి అది పెద్ద నొప్పి కాదు. అదే పది రూపాయల దేశవాళీ చుట్ట ప్యాకెట్‌లో పెట్టి బిల్లు మీద అమ్మితే, శాతం లెక్కన రెండు రూపాయల పది పైసలు. కాని వెయ్యికి 4,170 అన్న లెక్కన ఒక్కో చుట్టకు నాలుగు రూపాయల పదిహేడు పైసలు. అంటే ధరలో నలభై శాతం పైన, దానికి తోడు 28 శాతం జీఎస్టీ. బీదవాడు తాగే సరుకు మీద ఎక్కువ శాతం, షావుకారు తాగే సరుకు మీద తక్కువ శాతం. ఆరోగ్యం కోసమే అంటే ఒప్పుకుంటాను, ఎందుకంటే రేటు పెరిగితే ముందు మానేది చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాడే. కాని అప్పుడు ఖరీదైన సిగార్ మీద కూడా అదే బరువు పడాలి. లేకపోతే నీతి అంతా పేదవాడికే చెప్పినట్టు అవుతుంది.

ఇట్లా ఉన్నప్పుడు ఏం జరిగిందో మా దుకాణంలోనే చూశాను. చుట్టలు చుట్టి, లేబుల్ వేసి, బిల్లు రాసి అమ్మే చిన్నవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. జనం పొగాకు కాడలు కొనుక్కుని ఇంట్లోనే చుట్టుకోవడం మొదలుపెట్టారు. ఆకు రూపంలో ఉన్న పొగాకు జీఎస్టీ 5 శాతంలోనే ఉంది. మీ మామ మీద పన్ను లేదన్నావే, పూర్తిగా లేకపోలేదు, ఆకు మీద పడింది. కాకపోతే ఆయన చుట్ట ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు కాబట్టి మిగిలినవేవీ తగలలేదు. దాని మీద హెచ్చరిక బొమ్మ కూడా లేదు. 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్‌కు రెండు వైపులా 85 శాతం స్థలంలో ఆ పుండ్ల బొమ్మ ఉండాలి. చదువు రాని ముసలాయన చేతికి వచ్చే చుట్ట మీద మాత్రం ఆ ఒక్క బొమ్మ ఉండదు. అది అందరికన్నా ఎక్కువ అవసరమైంది ఆయనకే.

ఆ బొమ్మ నీకు ఇంకో పనికి కూడా వస్తుంది. విదేశం నుంచి తెచ్చే పొగాకు మీద కూడా హెచ్చరిక ఉండాల్సిందే. ఎవడైనా "డ్యూటీ లేకుండా వచ్చింది అన్నా, సగం రేటు" అని బొమ్మ లేని డబ్బా చూపిస్తే అది దొంగ సరుకు, చాలాసార్లు నకిలీ కూడా. అరటి ఆకు ముక్కలు, పాత ఆకు చూరు కలిపి పైన మంచి ఆకు ఒక్కటి చుట్టిన సరుకు నేను విప్పి చూశాను. పన్ను కట్టిన సరుకే కొను, బిల్లు తీసుకో. తాగితే పన్ను కట్టి తాగాలి, అది నా పట్టుదల.

బీడీ గురించి చెప్పకుండా మన ప్రాంతంలో పొగాకు పన్ను మాట పూర్తి కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బీడీ చుట్టే తునికాకు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. 2026 ఫిబ్రవరి 1న సిగరెట్, సిగార్ లాంటివి 40కి పోతే, బీడీ మాత్రం 28 నుంచి 18కి తగ్గింది. కారణం అడిగితే బీడీ కార్మికులు అంటారు. నిజమే, నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఏ ఊరికి పోయినా వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు కనిపిస్తారు. నానబెట్టిన తునికాకును రేకు ముక్క పెట్టి కత్తెరతో కోస్తారు, చిటికెడు పొడి పోస్తారు, వేళ్ల మధ్య తిప్పి, మూతి మడిచి, దారం కడతారు. చూపు చాట మీద ఉండదు, మాట్లాడుతూనే ఉంటారు, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. మా సరుకు అంతా ఆ చేతుల నుంచే వచ్చింది, నేను తిన్న అన్నంలో వాళ్ల కష్టం ఉంది.

కాబట్టి అడుగుతున్నాను: బీడీ మీద పన్ను పది శాతం తగ్గితే వెయ్యికి ఇచ్చే కూలి ఎంత పెరిగింది? కూలి పన్నును బట్టి కదలదు. వాళ్ల పేరు చెప్పి రేటు తగ్గిస్తే లాభం కంపెనీకి, చవక బీడీ తాగేవాడికి జబ్బు. 1976 చట్టంతో బీడీల మీద సంక్షేమ సెస్ అని ఒకటి ఉండేది. ఆ డబ్బుతోనే బీడీ కార్మికుల దవాఖానలు, పిల్లల స్కాలర్‌షిప్‌లు నడిచేవి. పొగాకు మీద వసూలైన డబ్బు పొగాకుతో ఊపిరి పాడుచేసుకున్న మనిషికే నేరుగా తిరిగి వచ్చిన పన్ను అది. జీఎస్టీ వచ్చినప్పుడు 2017లో దాన్ని ఎత్తేశారు. మన రాష్ట్రంలో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి ఇచ్చారు, 2019లో అది 2,016 అయింది. అది మంచి పని. కాని పీఎఫ్ నంబర్ లేని ఆడవాళ్లు, కంపెనీ రికార్డులోకి ఎక్కకుండా ఇంకొకరి కార్డు మీద చుట్టినవాళ్లు అందులోకి రాలేదు. నన్ను అడిగితే బీడీ మీద కూడా పన్ను పెంచాలి, పెంచిన ప్రతి రూపాయీ ముందు ఆ ఆడవాళ్ల భృతికి, ఇంకో పని నేర్పడానికి పోవాలి. బీడీలు అమ్మి బతికిన నేను ఈ మాట అంటే మా వ్యాపారుల్లో కొందరికి నచ్చదు. అయినా అంటాను.

సరే, ఇంత చెప్పాక తాగడంలో సుఖం లేదని నేను అనను. మా బాపు చుట్ట చుట్టే తీరు చెప్తాను. కాడల్లోంచి ఒక పెద్ద ఆకు తీసి, నోటితో కాదు, చేత్తో నీళ్లు చిలకరించేవాడు. తడి గుడ్డలో కాసేపు ఉంచితే ఆకు మెత్తబడి తోలులా సాగుతుంది. అప్పుడు నడిమి ఈనెను కొస నుంచి పట్టుకుని ఒక్క లాగులో తీసేవాడు. ముక్కలైన ఆకును పొడుగ్గా పేర్చి లోపల పెట్టి, చెక్క పలక మీద అరచేత్తో దొర్లించేవాడు. బిగువుగా చుడితే పొగ లాగదు, వదులుగా చుడితే ఒక వైపే కాలిపోతుంది. చేతికి తెలియాలి. ఆకు మాత్రం గోదావరి లంక పొగాకు కావాలనేవాడు, ఘాటు దానికే ఉందని.

నీ సిగార్‌కు కూడా ఇదే ధర్మం, తేమ. సిగార్‌ను 65 నుంచి 70 శాతం తేమలో ఉంచాలంటారు. మన వరంగల్ మే నెలలో 44 డిగ్రీల ఎండకు ఊరికే బల్ల మీద పెడితే రెండు రోజుల్లో పై ఆకు చిట్లిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టకు, అక్కడ గాలి పొడి, పైగా కూరల వాసన పడుతుంది. గట్టిగా మూత పడే డబ్బాలో తేమ ప్యాకెట్ వేసి, ఇంట్లో చల్లని అర్రలో పెట్టు. వానాకాలంలో ఉల్టా, బూజు పడుతుంది. సూది మొనంత రంధ్రాలు కనిపిస్తే పురుగు పట్టిందని అర్థం. నిజామాబాద్ పసుపును, మన గోదాముల్లో మిర్చిని తొలిచేది కూడా ఆ పురుగే. అట్లాంటి సిగార్‌ను మిగతా వాటి నుంచి వెంటనే వేరు చెయ్యి.

వెలిగించేటప్పుడు అగ్గిపుల్ల తల మందు పూర్తిగా కాలనివ్వు, తర్వాత మంటను కొసకు కొంచెం దూరంగా పట్టి తిప్పు. నిమిషానికి ఒక్క దమ్ము చాలు. గబగబా లాగితే ఆకు వేడెక్కి చేదు వస్తుంది. చివరి మూడో భాగం వదిలెయ్, నలిపి ఆర్పకు, దానంతట అదే ఆరిపోతుంది. దాంతోపాటు చాయ్ కన్నా మంచినీళ్లు నయం. ఆ ముప్పావు గంట ఫోన్ పక్కన పెట్టు. మా చిన్నప్పుడు పొలం గట్టు మీద నలుగురు పెద్దలు ఒకే అగ్గిపుల్లతో వెలిగించుకుని వానల సంగతి, పిల్లల పెళ్లిళ్ల సంగతి మాట్లాడుకునేవారు. తొందర లేని ఆ మాటలే నాకు చుట్టలో ఇష్టం, పొగ కన్నా ఎక్కువ.

నయం సంగతి మాత్రం నువ్వు అనుకున్నట్టు లేదు. సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చం కాబట్టి ఏమీ కాదంటారు. సిగరెట్ పొగాకుకు ఆమ్ల గుణం ఎక్కువ, అందుకే లోపలికి పీలిస్తేనే నికోటిన్ ఎక్కుతుంది. సిగార్, చుట్ట పొగ క్షార గుణం ఉన్నది, నోటి పొర నుంచే నికోటిన్ రక్తంలోకి పోతుంది. పీల్చకపోయినా అలవాటు పడేది అందుకే. ఒక పెద్ద సిగార్‌లో సిగరెట్ ప్యాకెట్ అంత పొగాకు ఉండొచ్చు. ఊపిరితిత్తుల ముప్పు కొంత తగ్గవచ్చు, కాని నోరు, నాలుక, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు గట్టిగానే ఉంది. ఉత్తరాంధ్రలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పటి నుంచో చెప్తున్నారు. "ఎప్పుడో ఒకటి" అని నువ్వు అంటున్నావు కదా, అది అక్కడే ఆగాలి. వారానికొకటి, తర్వాత రోజుకొకటి అవుతుంటే ఇష్టం పోయి అవసరం వచ్చిందని తెలుసుకో. పొద్దున లేవగానే తాగాలనిపిస్తే ఆ రోజే మానెయ్. మానడం కష్టమైతే ప్యాకెట్ మీద రాసి ఉండే 1800-11-2356కు ఫోన్ చెయ్, డబ్బులు పడవు.

ఇక మీ మామ. మీ ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆయన చుట్ట వాకిలి దాటి లోపలికి రాకుండా చూసుకో. నువ్వు చెప్తే వినకపోవచ్చు, మీ అత్తమ్మతో చెప్పించు. ఇంకో పని నువ్వే చెయ్యాలి. పగటి వెలుతురులో ఆయన్ని నోరు తెరవమని చూడు. తెల్లగా గాని ఎర్రగా గాని మచ్చ ఉందా, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉందా, నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదా, మింగేటప్పుడు నొప్పి అంటున్నాడా, గొంతు బొంగురుపోయి తిరిగి రాలేదా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నాటు మందు పూయకుండా ఎంజీఎం దవాఖానకు తీసుకుపోయి చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించు. ఏమీ లేకపోయినా ఆరు నెలలకోసారి చూస్తూ ఉండు, నీ నోరు కూడా.